వాళ్ళడిగిందేమిట్రా?

ఉగాది సంబరాలనాడు పులిహోర వరుసలో నిలబడి ఉండగా సంపాదకులు మమ్మల్ని పట్టుకొన్నారు. "మీ అక్కయ్యగారి అబ్బాయి చేత శాట్ లెక్కలు చేయిస్తున్నారట కదా, ఆ సంగతులేవో నాలుగు పేజీలు వ్రాసిపెట్టండి, పదకొండో తరగతి పిల్లలున్న ఇళ్ళకు పనికొస్తాయి" అన్నారు. చేయిస్తున్నమాట నిజమే. మొదట్లో ఎలా చేయించామన్నది చెప్పుకోవడానికి మాత్రం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అయినా ఒప్పుకొన్నాం. మేము చేసిన పొరపాటే ఈ సంఘంలో ఇంకో పది ఇళ్ళలో ఈ సాయంత్రం కూడా జరుగుతూ ఉంటుందని మా అనుమానం.

ముందుగా మా అర్హతలు చెప్పాలి. మేమిద్దరమూ డాక్టర్లం, ఇద్దరమూ ఇంటర్మీడియెట్‌లో బైపిసి. అంటే పదో తరగతి పరీక్ష వ్రాసి వచ్చిన రోజున లెక్కల పుస్తకాన్ని అటకెక్కించి, మళ్ళీ దాని ముఖం చూడనివాళ్ళం. మా కాలపు మెడిసిన్ ఎంసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు: వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. లెక్కలు సున్న. "మాకు లెక్కలు రావు కనుకనే డాక్టర్లమయ్యాం" అని నలుగురూ కలిసినచోట జోకు వేయడం మా ఇద్దరికీ అలవాటు. ఆ జోకు ఎంత ఖరీదైనదో తరవాత తెలిసివచ్చింది.

మరి అలాంటివాళ్ళ దగ్గరికి పిల్లవాణ్ణి ఎందుకు పంపారయ్యా అంటే, బావగారు మోటారు కార్ల కంపెనీలో ఇంజనీరు, నెలలో సగం రోజులు ప్లాంట్ల చుట్టూ తిరుగుడు. అక్కయ్యకూ ఉద్యోగం. మా ఇల్లు వాళ్ళింటికి రెండు వీధుల అవతల. పైగా కిందటి జూన్‌లో అమ్మ తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. అమ్మమ్మ చేతివంట, పిన్నీ బాబాయిల చదువు రెండూ ఒక్కచోటే దొరుకుతాయి కదా అని వాణ్ణి సాయంత్రాలు ఇటు పంపడం మొదలుపెట్టారు. మన మిచిగన్‌లో 2016 నుంచి పదకొండో తరగతి పిల్లలకు వసంతకాలంలో బడిలోనే, రుసుము లేకుండా, శాట్ పెడుతున్నారన్నది మీకు తెలిసిందే. అది ఎలాగూ ఉంది గనుక, దానికి ముందు ఆగస్టులో డబ్బు కట్టి ఒకసారి వ్రాయించి చూద్దామన్నది బావగారి ఆలోచన.

పరీక్ష స్వరూపం తెలియని తల్లిదండ్రుల కోసం రెండు ముక్కలు. 2024 మార్చి నుంచి ఈ దేశంలో శాట్ అంతా కంప్యూటర్ మీదనే. మొదట ఇంగ్లీషు, తరవాత 10 నిమిషాల విరామం, ఆ తరవాత లెక్కలు. లెక్కల భాగం రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక్కోదానిలో 22 ప్రశ్నలు, 35 నిమిషాలు. మార్కులు 200 నుంచి 800 దాకా. మొదటి ముక్క ఎలా చేశాడో చూసి, రెండోది కష్టమైనది ఇవ్వాలో తేలికైనది ఇవ్వాలో కంప్యూటరే తేల్చుకొంటుంది. తేలికది వచ్చిందంటే పై మార్కులకు దారి మూసుకుపోయినట్టే. కనుక మొదటి ముక్కలో కంగారు పడటం అన్నిటికన్నా పెద్ద నష్టం. నాలుగింట మూడువంతుల ప్రశ్నలకు నాలుగేసి జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. మిగిలిన వంతుకు జవాబు పిల్లలే కొట్టాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలకూడదు. బీజగణితమూ, దాని పై అంతస్తులోని వర్గ సమీకరణాలూ ఘాతాలూ కలిపి నూటికి 70 వంతులు. తక్కినవి నిష్పత్తులు, శాతాలు, గణాంకాలు, కొద్దిగా జ్యామితి, త్రికోణమితి. కాలిక్యులస్ లేనేలేదు. వృత్తవైశాల్యం, శంకువు ఘనపరిమాణం వంటి సూత్రాలు పరీక్షలోనే ఒక పట్టీగా వేసి ఇస్తారు. వర్గ సమీకరణం సూత్రం మాత్రం ఆ పట్టీలో ఉండదు, అది నోటికి రావాలి.

ఇదంతా మేము తరవాత నేర్చుకొన్నది. జూన్‌లో మాకు తెలిసిన పరీక్ష ఎంసెట్ ఒక్కటే. 180 నిమిషాలకు 160 ప్రశ్నలంటే ప్రశ్నకు 68 సెకండ్లు లేవు. ఆ వేగం మా రక్తంలో ఉండిపోయింది. శాట్ లెక్కల్లో ప్రశ్నకు 95 సెకండ్లు దొరుకుతాయని లెక్కవేసి చూసుకొనే ఓపిక కూడా మాకు లేకపోయింది. ఫ్రిజ్ తలుపు మీద సూత్రాల చార్టు అంటించాం. రోజూ భోజనాలయ్యాక 60 లెక్కలు. మైక్రోవేవ్ గడియారానికి 60 నిమిషాలు పెట్టి, అది కూత పెట్టగానే పెన్సిలు కింద పెట్టాలని శాసనం. తప్పయినవాటికి ఎర్ర సిరాతో చుట్టూ సున్న చుట్టి, సరైన జవాబు పక్కన వ్రాసి, మర్నాడు ఇంకో 60. ఆ పద్ధతిలోనే కదా మేము గట్టెక్కింది అని మా ధీమా.

జూన్‌లో బ్లూబుక్‌లో ఉచితంగా దొరికే నమూనా పరీక్ష పెడితే లెక్కల్లో 640 వచ్చింది. రెండు నెలల కష్టం తరవాత ఆగస్టు అసలు పరీక్షలో వచ్చింది 610.

ఆ సాయంత్రం వాడు వచ్చి, ఫోను బల్ల మీద పెట్టి, కంచం ముందు కూర్చొన్నాడు. మేము ఏదో ఓదార్పు మాటలకు వెతుక్కొంటున్నాం. వాడే అన్నాడు: "నాకు మ్యాథ్ రాదు పిన్నీ. మీకూ రాదుగా. నాన్నది నాకు రాలేదు, మీది వచ్చింది. జెనెటిక్స్." వెక్కిరింపు కాదు, కోపం కూడా కాదు. మేము రోగికి రిపోర్టు చెప్పేటప్పుడు వాడే గొంతు అది. పదిమందిలో నవ్వుల కోసం మేమేసిన జోకును వాడు వ్యాధి నిర్ధారణ కింద తీసుకొన్నాడు.

ఆ రాత్రి వాణ్ణి దింపి వచ్చాక అమ్మ గిన్నెలు సర్దుతూ అంది: "రెండు నెలల్నుంచి చూస్తున్నాను. వాడు లెక్కకేసి చూడటం లేదమ్మా, ఆ పెట్టెకేసి చూస్తున్నాడు." పెట్టె అంటే మైక్రోవేవ్.

మర్నాడు మేము చేసిన మొదటి పని ఆ గడియారం ఆపెయ్యడం. రెండోది, వాడి ముందు కూర్చొని క్షమించమని అడగడం. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లల్ని క్షమాపణ అడిగే ఆచారం లేదు కాబట్టి ముగ్గురికీ ఇబ్బందిగానే ఉండింది. మాకు లెక్కలు రావన్నది అబద్ధమని వాడికి చూపించాం. 40 పౌండ్ల పిల్లవాడికి జ్వరం. పౌండ్లను కిలోలు చేస్తే 18. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 270 మిల్లీగ్రాములు. ఇక్కడి మందు 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు. అయితే ఎన్ని మిల్లీలీటర్లు? కాగితం మీద వేసి 8.4 అని చెప్పాడు. "ఇది లెక్క కాక మరేమిటి? రోజూ చేస్తాం. పౌండ్లను కిలోలనుకొన్నామంటే మందు రెండింతలకు పైన పడుతుంది. అందుకని మెల్లిగా చేస్తాం" అన్నాం. ఆ "మెల్లిగా" అన్నమాట నోట్లోంచి వచ్చాక మా ఇద్దరికీ మా పద్ధతిలో లోపం ఎక్కడుందో అర్థమయింది.

రోగి వచ్చి కూర్చోగానే చరిత్ర అడగకుండా మందు వ్రాసేవాణ్ణి మేము వైద్యుడనం. మరి వీడి తప్పుల్ని రెండు నెలలపాటు ఒక్కసారైనా చదవకుండా రోజుకు 60 మాత్రలు మింగించాం. కనుక ఒక నోటుబుక్కు తెచ్చి కేస్ షీట్ వ్రాయడం మొదలుపెట్టాం. రెండు నమూనా పరీక్షలు, 88 ప్రశ్నలు, 23 తప్పులు. ఒక్కో తప్పును తీసుకొని, ఎందుకు తప్పిందో వాడి చేతనే చెప్పించాం. నిజంగా రానివి 4 తేలాయి. గుణకారాలు, గుర్తుల పొరపాట్లు 6. టైము అయిపోతోందని వదిలేసినవో గుడ్డిగా కొట్టేసినవో 4. మిగతా 9 తప్పుల్లో లెక్క సరిగ్గానే చేశాడు, కానీ అడిగినదానికి జవాబు చెప్పలేదు.

ఈ 9 సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే అమ్మ ప్రవేశించింది. ఒకరోజు మా ఇద్దరికీ ఆస్పత్రిలో ఆలస్యమయింది. వాడు నోటుబుక్కు పట్టుకొని ఒక్కడూ కూర్చొని ఉంటే అమ్మ పక్కన చేరి, "నాకు చెప్పరా" అందిట. అమ్మకు ఇంగ్లీషు రాదు. చదువు ఎనిమిదో తరగతి. కానీ ముప్పై ఏళ్ళు మా వీధి ఆడవాళ్ళ చీటీల లెక్క అంతా ఆవిడ నోట్లోనే ఉండేది. వాడి తెలుగు మీరెరిగిన మన పిల్లల తెలుగే. ఆ లెక్క ఇది: 3ఎక్స్ + 5 = 20 అయితే 6ఎక్స్ + 10 ఎంత? వీడు ఎక్స్ అంటే 5 అని కనుక్కొని, జవాబుల్లో 5 కనిపించగానే దాన్ని నొక్కేశాడు. అమ్మకు చెప్పడం కోసం ఇలా అన్నాడు: "ఒక నంబరుకి మూడు టైమ్స్, ఫైవ్ కలిపితే ట్వంటీ." అమ్మ అడిగింది: "సరే, వాళ్ళడిగిందేమిట్రా?" వాడు మళ్ళీ తెరకేసి చూసి, "ఆ నంబరుకి ఆరు టైమ్స్, టెన్ కలిపితే ఎంత అని" అన్నాడు. అమ్మ వెంటనే "మొదటిదానికి రెట్టింపేగా, నలభై" అంది. ఎక్స్ లేదు, సమీకరణం లేదు.

మేము ఇంటికి వచ్చేసరికి వాడు ఈ కథ చెప్పి చెప్పి నవ్వుతున్నాడు. ఆగస్టు తరవాత వాడు నవ్వడం అదే మొదలు. ఆ రోజునుంచి ఇంట్లో ఒక నియమం ఏర్పడిపోయింది. తప్పయిన ప్రతి లెక్కనూ ముందు అమ్మమ్మకు తెలుగులో చెప్పాలి, ఆవిడ "వాళ్ళడిగిందేమిట్రా?" అంటుంది, దానికి జవాబు చెప్పాకనే పెన్సిలు పట్టాలి. ఇందులో గొప్ప విద్యారహస్యమేమీ లేదు. ఈ దేశం వచ్చాక వైద్య లైసెన్సు పరీక్షలకు చదువుకొన్నప్పుడు ప్రశ్నలో చివరి వాక్యం ముందు చదవాలని మేమూ నేర్చుకొన్నాం. పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి అది మరచిపోయాం.

ఒక చిన్న వింత. "ఒక సంఖ్య రెట్టింపు కన్నా 3 తక్కువ" అన్నదాన్ని ఇంగ్లీషులో చదివినప్పుడు 3 ముందు వస్తుంది, రెట్టింపు వెనక వస్తుంది. అందుకని వీడు ప్రతిసారీ 3 − 2ఎక్స్ అని వ్రాసేవాడు. అదే వాక్యాన్ని తెలుగులోకి మార్చి చెప్పుకొన్నప్పుడు రెట్టింపు ముందొచ్చి, 3 తక్కువ తరవాత వచ్చింది. వచ్చిన వరసలోనే వ్రాసుకొంటూ పోతే 2ఎక్స్ − 3, సరిగ్గా కుదిరింది. తెలుగు వస్తే శాట్ వస్తుందని మేము అనం. అలా అయితే మన ఆదివారం బడికి ఇంకా ఎక్కువమంది వద్దురు. కానీ ఒక వాక్యాన్ని ఇంకో భాషలో చెప్పాలంటే ముందు అది అర్థమయి తీరాలి కదా, కళ్ళతో తుడిచేసి పోతే కుదరదు.

శాతాల దగ్గర అమ్మకు ఎదురులేదనుకొన్నాం. "శాతమంటే ఏముందిరా, నూటికింత" అంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూరు రూపాయలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఇది ఆవిడ ఊపిరి. నెలకు 2 శాతం చొప్పున పెరిగే సొమ్ము మీద ఒక ప్రశ్న వచ్చింది, 1.02 అన్న అంకె దేన్ని తెలుపుతుంది అని. వాడు మూడు వారాలుగా తికమకపడుతున్న సంగతి. "ఓస్, చక్రవడ్డీ" అంది అమ్మ. వడ్డీ మీద వడ్డీ కడితే ఏడాది తిరిగేసరికి నూరు కాస్తా 124 కాదు, 126 రూపాయల 82 పైసలవుతుందని వాడు 1.02 ను పన్నెండుసార్లు గుణించి చూపించాడు. ఆ రెండు రూపాయల 82 పైసల తేడా ఎక్కడిదో ఇద్దరూ కలిసి నెలనెలా వ్రాసుకొంటూ అరగంట కూర్చొన్నారు. పాఠ్యపుస్తకం ఘాతాంక ప్రమేయమని పేరు పెట్టినది వాడి బుర్రకెక్కిన రోజు అది. అయితే ధర నూటికి 20 పెంచి, ఆ తరవాత నూటికి 20 తగ్గిస్తే అన్న ప్రశ్నకు అమ్మ "మొదటి ధరే" అంది. వాడు గెలిచాడు: 100 కాస్తా 120, అందులోంచి 24 పోతే 96. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే మా చీరల కొట్టువాడు ముందే ఎక్కువ పెంచి పెడతాడన్నమాట" అని తేల్చింది.

గణాంకాల ప్రశ్నలు మన పిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తాయి. వాటిలో చేసే లెక్క తక్కువ, ఆలోచించేది ఎక్కువ. అయిదు ఇళ్ళల్లో ఒక శనివారం రాత్రి భోజనానికి కూర్చొన్నవాళ్ళు 4, 5, 5, 6, 40 మంది అనుకోండి. ఆ 40 సత్యనారాయణ వ్రతం చేసుకొన్నవాళ్ళ ఇల్లు. సగటు 12. మధ్యగతం 5. ఏది ఆ వీధి సంగతి నిజంగా చెబుతుంది? అలాగే, మన ఉగాది సంబరాలకు వచ్చినవాళ్ళలో చీటీలు తీసి 100 మందిని ఎంచి, ఇంట్లో తెలుగు మాట్లాడతారా అని అడిగామనుకోండి. వచ్చిన జవాబు మిచిగన్‌లోని తెలుగువాళ్ళందరికీ వర్తిస్తుందా? వర్తించదు, సంబరాలకు వచ్చినవాళ్ళకే వర్తిస్తుంది. అసలు తెలుగు గొడవే పట్టనివాడు ఆ పూట ఇంట్లో పడుకొని ఉంటాడు. ఇలాంటి ప్రశ్న దాదాపు ప్రతి నమూనా పరీక్షలోనూ కనిపించింది. వీడు రెండుసార్లు తప్పాడు, ఉగాది ఉదాహరణ చెప్పాక మళ్ళీ తప్పలేదు.

నిజంగా రాని ఆ 4 తప్పుల కోసం మేమే చదువుకోవలసివచ్చింది. వృత్త సమీకరణం మాకు గుర్తే లేదు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఖాన్ అకాడమీ పాఠాలు ముందు మేము విని, మర్నాడు వాడితో కలిసి చేశాం. కొన్నిసార్లు వాడే మాకు చెప్పాడు. మాకు రాదని తెలిసినప్పుడు వాడు ఎంత ఓపికగా చెప్పాడో చూసి, జూలైలో మేము ఎర్ర సిరా సీసా ముందు పెట్టుకొని కూర్చొన్న తీరు గుర్తుకొచ్చింది.

బావగారితో మాత్రం కాలిక్యులేటర్ దగ్గర యుద్ధం జరిగింది. శాట్‌లో కాలిక్యులేటర్‌ను 1994లో మొదటిసారి అనుమతించారు. 2016లో మార్చిన కాగితం పరీక్షలో ఒక భాగం కాలిక్యులేటర్ లేకుండా చెయ్యాలన్నారు. ఇప్పుడు కంప్యూటర్ పరీక్షలో లెక్కల భాగమంతటా వాడుకోవచ్చు, డెస్మోస్ అనే గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ తెరమీదే ఉంటుంది. "బొమ్మలు గీసి జవాబు చూసుకోవడం లెక్కలా? మేము ఎంసెట్‌లో చేతివేళ్ళతో చేశాం" అని బావగారి ఆగ్రహం. ఒక శనివారం తండ్రీకొడుకులకు పోటీ పెట్టాం. 2ఎక్స్ + 3వై = 7, 4ఎక్స్ + కెవై = 10. వీటికి సాధన లేకుండా ఉండాలంటే కె ఎంత? బావగారు 6 అని పది సెకండ్లలో చెప్పారు. వాడు డెస్మోస్‌లో కె విలువను అటూ ఇటూ జరిపి, రెండు గీతలూ సమాంతరమైన చోట ఆపి, ఎప్పటికీ కలవవు కాబట్టి 6 అన్నాడు. బావగారికి జవాబు ముందు వచ్చింది గాని, ఎందుకని వాడు అడిగితే "గుణకాల నిష్పత్తి" అని ఆగిపోయారు. సూత్రం గుర్తుంది, గీతలు గుర్తులేవు. ఆ మధ్యాహ్నమే వాడు ఇంకో లెక్కలో రుణ మూడు వర్గం కావలసినచోట బ్రాకెట్లు పెట్టకుండా కొట్టి −9 తెచ్చుకొన్నాడు. యంత్రం అడిగినదే చేస్తుందని అప్పుడు బావగారి వంతు నవ్వు. ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్యా ఒప్పందం ఏమిటంటే, ముందు కాగితం మీద ఏమి వస్తుందో ఊహించాలి, ఆ తరవాతే తెర ముట్టుకోవాలి. మూడున్నర అన్న జవాబు కొట్టవలసివస్తే 3.5 అనో 7/2 అనో కొట్టాలి. మూడు పక్కన ఒకటి బై రెండు కొడితే కంప్యూటర్ దాన్ని 31/2 అని చదువుకొంటుంది. ఇది తెలియక పోయిన మార్కు ఒకటి మా కేస్ షీట్‌లో ఉంది.

పరీక్ష పెట్టేవాళ్ళు కూడా తప్పుతారని వాడికి చెప్పడం మంచిదయింది. 1982 మే శాట్‌లో ఒక ప్రశ్న వచ్చింది. ఒక చిన్న వృత్తం, దాని వ్యాసార్థం పెద్ద వృత్తం వ్యాసార్థంలో మూడోవంతు. చిన్నది పెద్దదాని అంచు వెంబడి దొర్లుకొంటూ ఒక చుట్టు తిరిగి మొదటి చోటికి వస్తే, తాను ఎన్నిసార్లు తిరుగుతుంది? అందరూ 3 అంటారు. ప్రశ్న తయారుచేసినవాళ్ళూ 3 అనే అనుకొన్నారు. సరైన జవాబు 4, అది ఇచ్చిన అయిదు జవాబుల్లోనూ లేదు. సుమారు 3 లక్షలమంది వ్రాసిన పరీక్షలో ముగ్గురు పిల్లలు మాత్రం తప్పు పట్టుకొని ఉత్తరాలు వ్రాశారు. చివరికి ఆ ప్రశ్న తీసేసి అందరి మార్కులూ మళ్ళీ వేయవలసివచ్చింది. మా వంటింటి బల్ల మీద రెండు క్వార్టర్లు పెట్టి చూశాం, అమ్మ భాషలో పావలాలు. ఒకదాన్ని కదలకుండా పట్టుకొని రెండోదాన్ని దాని చుట్టూ జారకుండా దొర్లిస్తే, ఒక చుట్టు పూర్తయ్యేసరికి బొమ్మ తల రెండుసార్లు తిరుగుతుంది, ఒకసారి కాదు. దొర్లినందుకు ఒకటి, చుట్టూ తిరిగినందుకు ఇంకొకటి. చిన్న వృత్తం లెక్కలోనూ అంతే, దొర్లినందుకు మూడు, చుట్టి వచ్చినందుకు ఒకటి. బావగారు కూడా మొదట 3 అనే అన్నారు. తరవాత తల పట్టుకొని, ఆటోమేటిక్ గేరుపెట్టెలో ప్లానెటరీ గేర్లు చేసేది సరిగ్గా ఇదేనని గంటసేపు చెప్పారు. వాడు తన తండ్రి ఉద్యోగం గురించి అంతసేపు వినడం మేము ఎప్పుడూ చూడలేదు.

ఖర్చు సంగతి చాలామంది ఫోను చేసి అడుగుతున్నారు. మేము కోచింగుకు డబ్బేమీ పెట్టలేదు. బ్లూబుక్ నమూనా పరీక్షలు, ఖాన్ అకాడమీ పాఠాలు ఉచితం. పెట్టినవాళ్ళను తప్పుపట్టం. కానీ ఆ పుస్తకాల కట్టలో వెయ్యి లెక్కలున్నాయని మురిసిపోయే ముందు, మీ పిల్లవాడి కిందటి పరీక్ష తప్పులు ఒక్కసారి వాడి పక్కన కూర్చొని చదవండి. ఇక శాట్ అవసరమా అన్నదానికి ఒక్క జవాబు లేదు. 2020లో కోవిడ్ వచ్చాక చాలా కాలేజీలు ఇష్టమైతేనే మార్కులు పంపమన్నాయి. ఎం.ఐ.టి. 2022లో మళ్ళీ తప్పనిసరి చేసింది. 2024లో హార్వర్డ్, యేల్, డార్ట్‌మత్ వంటివి అదే దారిలో నిర్ణయాలు ప్రకటించాయి. కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయం యూ.సి. ప్రవేశాలకు మార్కులు చూడనే చూడదు. మీ పిల్లలు ఎక్కడికి దరఖాస్తు పెడుతున్నారో అక్కడ ఆ ఏటి నియమం చూసుకోవలసిందే.

నవంబరులో అమ్మ వెళ్ళిపోయేముందు పెట్టిన నమూనా పరీక్షలో 680 వచ్చింది, మార్చిలో 710. అమ్మ లేని లోటు మొదటి వారంలోనే తెలిసింది. వాడు తప్పు లెక్క పట్టుకొని మా వంటింట్లో నిలబడి, ఎవరికి చెప్పాలో తోచక, చివరికి ఆ కుర్చీకే చెప్పుకొన్నాడు. తరవాత శని ఆదివారాల్లో ఫోనులో చెప్పడం మొదలుపెట్టాడు. తెనాలిలో మా వీధివాళ్ళు ఈ అమెరికా లెక్కలు వినడానికి అమ్మ చుట్టూ చేరుతున్నారని విన్నాం.

ఈ వ్యాసం సగంలో ఉండగా ఏప్రిల్ పరీక్ష బడిలో జరిగిపోయింది. మార్కులు ఇంకా రాలేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి వస్తాయేమో, దయచేసి ఫోను చేసి అడగకండి. పరీక్షనాటి రాత్రి వాడు మా ఇంటికే వచ్చాడు. ఇక్కడ 8 గంటలు, అక్కడ తెల్లవారుజామున అయిదున్నర. అమ్మ ముగ్గు వేసి అప్పుడే లోపలికి వచ్చిందట. ఎలా వ్రాశావని అడగలేదు, ఎంత వస్తుందనీ అడగలేదు.

"వాళ్ళడిగిందేమిట్రా?" అంది.

"చెప్పకూడదు అమ్మమ్మా. ప్రశ్నలు ఎవరికీ చెప్పకూడదని రూలు. ఒప్పుకొన్నాకనే పరీక్ష మొదలవుతుంది."

అవతల కాసేపు నిశ్శబ్దం.

"అమ్మమ్మకు కూడానా?"